కోళ్లకు కొట్టిన మందు

ఈ సంగతి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మిరపతోటతో మొదలుపెడుతున్నాను. ఆ ఏడాది వానలు ఎలా పడ్డాయి, నల్ల తామరపురుగు ఎలా వచ్చి మీద పడింది, పూత ఎలా రాలింది, ఇవన్నీ రెండు పేజీలు రాసి, కోళ్ల దగ్గరికి వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతున్నాను. అందుకని ఈసారి కోళ్లతోనే మొదలుపెడతాను.

కోళ్లు నావి కావు. మా అక్కవి. బావ పోయిన తర్వాత అక్క మా ఇంటికే వచ్చేసింది. పిల్లలు లేరు. పెరట్లో పడమటి వైపున్న రెండు గదులూ ఆమెవి. పొయ్యి కూడా వేరే. మా ఆవిడకూ ఆమెకూ పడక కాదు, ఎవరి వంట వాళ్లకు ఇష్టం. ఆ గదులూ నావే, ఆమె తినే బియ్యమూ నా పొలంలోవే. ఆమె తనదని చెప్పుకునేది ఏమన్నా ఉందంటే ఆ కోళ్లే. ఆరు పెట్టలు, ఒక పుంజు. అన్నీ నాటువి.

గుడ్లు ఆమె తినేది తక్కువ, పంచేది ఎక్కువ. ఎవరికి జ్వరం తగ్గి పథ్యం పెట్టినా, ఎవరింట్లో బాలింత ఉన్నా, కొంగులో నాలుగు గుడ్లు వేసుకుని బయల్దేరేది. వద్దంటే ఊరుకునేది కాదు. తమ్ముడింట్లో ఉంటున్నాననే మాట ఆమెకు లోపల గుచ్చుకుంటూ ఉండేదని నాకు తెలుసు. ఇంకొకరికి పెట్టే చెయ్యి ఉన్నన్నాళ్లూ తను ఎవరి మీదా పడి తినడం లేదని ఆమె ధైర్యం. ఇది తెలిసి కూడా నేను చేసింది చేశాను.

నేనేమో మందుల మనిషిని. ఆ పేరు ఊళ్లోవాళ్లే పెట్టారు. వాళ్లు పెట్టకపోతే నేనే పెట్టుకునేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా మిరపా పత్తీ వేస్తున్నాను. పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు తమ తోటలోంచి తుంచుకొచ్చిన కొమ్మను నా ముందు పెట్టేవాడు. నేను కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, ఆకు తిరగేసి, ఏ పురుగో చెప్పి, ట్యాంకుకి ఎన్ని మిల్లీలు కలపాలో, కొట్టాక ఎన్నాళ్లు కాయ కోయకూడదో చెప్పేవాణ్ణి. చెప్పేటప్పుడు తొందర పడేవాణ్ణి కాను. నాలుగు నిమిషాలు ఆకు వైపే చూస్తే తప్ప వైద్యం చేసినట్టు ఉండదు. టీ వాళ్లే ఇప్పించేవాళ్లు.

ఆ ఏడాది దసరా వెళ్లగానే అక్క కోళ్లకు ఈకలు రాలడం మొదలైంది. ముందు మెడ దగ్గర పలచబడ్డాయి. తర్వాత వీపు. పెరడంతా ఈకలే. వాకిలి చిమ్మితే చాటెడు వచ్చేవి. పుంజుకు తోక మొత్తం ఊడిపోయి, ఎవరో పట్టుకుని పీకినట్టుగా తయారైంది. అంతవరకూ వీధి వీధంతా నాదే అన్నట్టు తిరిగిన పుంజు కూయడం మానేసి, గడ్డివామి వెనక నక్కి కూర్చునేది. పెట్టల నెత్తి మీద ఎర్రగా ఉండే జుట్టు పాలిపోయింది. గుడ్లు ముందు తగ్గాయి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి.

నాకు అదొక కేసు దొరికినట్టయింది. ఒక పెట్టను పట్టుకుని, ఆకు తిరగేసినట్టే తిరగేసి, ఈకల మొదళ్లలో వెతికాను. అది గిలగిల్లాడి నా చెయ్యి పొడిచింది.

"ఎందుకురా దాన్ని చంపుతావ్? వదులు," అంది అక్క.

"రోగం అక్కా ఇది. చర్మానికి ఏదో పట్టింది."

"రోగం లేదు గీగం లేదు. ఈకలు మార్చుకుంటన్నయ్. ఏటా మార్చుకుంటయ్. చలి ముదిరేలోపు కొత్తయి వస్తయ్. అందాక గుడ్లు పెట్టవు. ఉన్న బలమంతా ఈకలకే పోతది."

"ఏటా ఇంతగా రాల్లేదుగా?"

"రాలినయ్. నువ్వెప్పుడు చూశావ్ గనక. నీకు తోట తప్పితే ఇంకోటి కనపడిందా?"

మా ఆవిడ పక్కనుంచి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఊరంతా నా మాట వింటుంటే ఇంట్లో ఒక కోడి సంగతిలో నా మాట చెల్లకపోవడం నాకు మింగుడుపడలేదు. పైగా ఆ రోజుల్లో నా కళ్లే అలా తయారయ్యాయి. తోటలో పొద్దున లేస్తే ఆకు ముడత, సాయంత్రానికి పూత రాలడం. ఏది రాలినా దాని వెనక ఒక పురుగు ఉంటుందనీ, పురుగుంటే మందు కొట్టాలనీ తప్ప ఇంకో ఆలోచన వచ్చేది కాదు. రాలడం కూడా ఆరోగ్యమే అని ఎవరన్నా చెబితే వినే స్థితిలో లేను. మర్నాడు అక్క చూడకుండా ఇంకో పెట్టను పట్టుకుని వెతికితే రెక్క కింద రెండు పేలు కనపడ్డాయి. ఏ కోడికైనా రెండు పేలు ఉంటాయి. నాకు మాత్రం ఆ రెండూ చాలు.

కార్తీకమాసంలో రెండో సోమవారం మా వీధి ఆడవాళ్లు ఒక వ్యాను మాట్లాడుకుని అమరావతి వెళ్లారు. తెల్లవారుజామున బయల్దేరుతూ అక్క నాతో అంది:

"మధ్యాన్నం కోళ్లకి నాలుగు నూకలు చల్లు. పట్టుకుని పీకమాకు. కొత్త ఈకలు ముళ్లు పోసుకుంటన్నయ్. చెయ్యి తగిల్తే నొప్పి వాటికి."

అక్కతో పాటు మా ఆవిడా వెళ్లింది. ఇంట్లో నేనొక్కణ్ణే.

మధ్యాహ్నం మూడింటికి తోటలో మందు కొట్టి ఇంటికొచ్చాను. చార్జింగ్ పంపు అడుగున కాస్త మందు మిగిలింది. మిగిలితే గట్టు మీద పోసి రావాలి. ఆ రోజు పోయలేదు. దానిలో ఇంకో బిందె నీళ్లు పోసి పలచన చేశాను. మొక్కకు అంతయితే కోడికి ఇంత చాలు అని నాకు నేనే ఒక లెక్క చెప్పుకున్నాను. ఎవరన్నా టీ కొట్టు దగ్గర ఆ లెక్క చెప్పి ఉంటే వాణ్ణి చెప్పు తీసుకుని కొట్టేవాణ్ణి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అక్కకు మేలు చేద్దామని నేను ఆ పని చెయ్యలేదు. అక్క మాట తప్పని చూపిద్దామని చేశాను. ఆమె తిరిగొచ్చేసరికి కోళ్లు గోక్కోవడం మానెయ్యాలి, నాలుగు రోజుల్లో ఈకలు రాలడం ఆగాలి, అప్పుడు మా ఆవిడ ముందర నేను ఏమీ అనకుండా ఊరికే కూర్చోవాలి. ఆ ఊరికే కూర్చోవడం కోసం చేశాను.

నూకలు చల్లి కోళ్లను గూట్లోకి రప్పించాను. పుంజూ, నాలుగు పెట్టలూ వచ్చాయి. ఒక నల్ల పెట్టా, ఒక చుక్కల పెట్టా గోడెక్కి కూర్చుని ఎంత పిలిచినా దిగలేదు. గూడు తలుపు వేసి తడికె సందుల్లోంచి మందు కొట్టాను. ఈకల్లేని ఒంటి మీద పడేసరికి అవి అరిచాయి. కోడి అరుపులు నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, అలాంటి అరుపు ఎప్పుడూ వినలేదు. అప్పుడన్నా ఆపాలి. రెండో పక్కకు వెళ్లి అటు నుంచి కూడా కొట్టాను.

ఆడవాళ్లు దీపాల వేళకు తిరిగొచ్చారు. "ఇంట్లో ఈ మందు వాసనేంది?" అంది మా ఆవిడ. "నా బట్టలవి," అన్నాను. అక్క రోజంతా ఉపవాసం. నక్షత్రాలు చూసి పలహారం చేసి, అలసిపోయి పడుకుంది. గూడు దగ్గరికి వెళ్లలేదు.

పొద్దున్నే అక్క కేక విని లేచాను. పుంజూ, ఒక పెట్టా చచ్చిపోయి ఉన్నాయి. రెండు పెట్టలు నోట సొంగ కారుస్తూ పక్కకు ఒరిగిపోతున్నాయి. ఒక్క ఎర్ర పెట్ట మాత్రం నిలబడి ఉంది. అన్నిటికన్నా వెనక మూలన ఉండడం వల్ల దాని మీద తక్కువ పడి ఉంటుంది. రాత్రంతా గోడ మీదే గడిపిన ఆ రెండూ పెరట్లో తిరుగుతున్నాయి.

"నిన్న పొద్దున బాగున్నయ్ కదరా! ఏమైందిరా వీటికి?"

"కొక్కెర తెగులు అయ్యుంటది అక్కా. పక్క ఊళ్లో వచ్చిందంటన్నారు."

పక్క ఊళ్లో ఏ తెగులూ రాలేదు. ఎవరూ నాతో అనలేదు. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అక్క చచ్చిన పుంజు పక్కన కూలబడి, నా వైపు చూసి, "నువ్వు రోగమని చెప్తానే ఉన్నావ్‌రా. నేనే వినలా. నాదే తప్పు," అంది.

అక్కడ నేను భూమిలోకి దిగిపోయి ఉండాల్సింది. దిగలేదు. "పోన్లే అక్కా, ఏం చేస్తాం," అన్నాను.

అదే సమయానికి కలుపు ముఠాను తీసుకొచ్చే ఆమె వచ్చింది. చర్చి వీధిలో ఉంటుంది. ఇరవై ఏళ్లుగా మా తోటలో కలుపు తీసేది, కాయ కోసేది ఆమె ముఠానే. ఆమె కూతురికి కాన్పయి మూడు వారాలయింది. పిల్లవాడికి పాలు చాలడం లేదని ఆమె బెంగ. ఆ పిల్ల కడుపుతో ఉన్నప్పుడు అక్క రోజూ గుడ్లు పంపిస్తూ ఉండేది. కోళ్లు పెట్టడం మానేశాక పంపలేకపోతున్నానని నాలుగైదు సార్లు నాతోనే అంది.

మా వైపు కోడి వాలిపోతున్నట్టు కనిపిస్తే చచ్చేలోపు కోసుకుంటారు. తెగులు కోడికే గానీ బాగా ఉడికించుకుంటే మనిషికి ఏం కాదని అందరికీ తెలుసు. మామూలు రోజుల్లో అయితే ఎర్ర పెట్ట మా పొయ్యి మీదికే వచ్చేది. అది కార్తీకం. నెలంతా మా ఇంట్లో నీచు వండరు. అక్క ఆ పెట్టను పట్టుకుని, ఒళ్లంతా తడిమి చూసి, ఆమె చేతుల్లో పెట్టింది.

"దీనికింకా ఏం కాలేదమ్మే. తెగులు తగలకముందే కోసి, పిల్లకి పులుసు పెట్టు. పారేసేది ఇచ్చానని అనుకోమాకు."

"అయ్యో, అట్టా ఎందుకనుకుంటానమ్మా! మీ పేరు చెప్పుకుని తింటది."

నేను బావి గిలక దగ్గర పళ్లు తోముకుంటున్నాను. నోట్లో బ్రష్షు ఉంది. అది తీసి ఒక్క మాట చెప్పాలి. 'ఆ కోడి వద్దు, దాని మీద మందు పడింది' అనాలి. నాలుగు ముక్కలు. అడ్డం ఏముంది? ఏమీ లేదు. ఆమె కోడిని చంకలో పెట్టుకుని, "ఇవ్వాళ నేను పనికి రాలేనయ్యా, ముఠాని పంపిస్తా," అని నాతో చెప్పి మరీ వెళ్లింది. నేను తలూపాను.

ఆ తర్వాత మిగిలిన రెండు పెట్టలూ చచ్చిపోయాయి. నాలుగింటినీ తోటకు తీసుకెళ్లి, కుక్కలు తవ్వకుండా లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాను. ముఠా కలుపు తీస్తూ ఉంది. నేను షెడ్డులో కూర్చుని మందు సీసా తీసి, వెనక వైపున్న చిన్న అక్షరాలు చదివాను. ఎన్నో ఏళ్లుగా ఆ సీసాలు కొంటున్నాను, ముందు వైపున్న పురుగు బొమ్మా, కొలతా తప్ప వెనక వైపు చదివింది లేదు. కొట్టాక కాయ ఎన్ని రోజుల వరకు కోయకూడదో ఊరందరికీ చెప్పే మనిషిని. కోడిని ఎన్ని రోజుల వరకు కోయకూడదో దాని మీద రాసి లేదు. కోడికి కొట్టే వెధవ ఉంటాడని వాళ్లు అనుకోలేదు.

ఏం కాదులే అనుకున్నాను. పలచన చేశాను కదా అనుకున్నాను. వేడినీళ్లలో ముంచి ఈకలు పీకుతారు, మంట మీద కాలుస్తారు, పసుపు రాసి కడుగుతారు, గంటసేపు ఉడుకుతుంది, ఇంకేం ఉంటుంది అనుకున్నాను. పిల్లవాడు తాగే పాల సంగతి గుర్తొచ్చేసరికి అక్కడ కూర్చోలేకపోయాను. అప్పటికి పొద్దు బాగా ఎక్కింది. బండి తీసుకుని చర్చి వీధికి వెళ్లాను.

దారంతా నిజం చెబుదామనే అనుకున్నాను. వాళ్ల గుమ్మంలో బండి ఆపేసరికి పులుసు వాసన వస్తోంది. లోపల చీర ఉయ్యాల ఊగుతోంది. ఆమె చేతులు తుడుచుకుంటూ బయటకు వచ్చి, "రండయ్యా, ఏంది ఇట్టా వచ్చారు?" అని కుర్చీ వేసింది. ఎదురింటి అరుగు మీద ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు. అందులో ఒకతను మొన్ననే తన పత్తికి ఏ మందు కొట్టాలని నన్ను అడిగి, నేను చెప్పింది కాగితం మీద రాయించుకుని వెళ్లాడు. అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ లేచి నిలబడ్డమే నా కొంప ముంచింది.

"అక్క ఆ కోడి వెనక్కి తెమ్మంది," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "ఏ కోడయ్యా?"

"పొద్దున ఇచ్చింది. ఇంటికి చుట్టాలొచ్చారు. ఒంగోలు నుంచి."

"కార్తీకం అన్నారు గదయ్యా, అమ్మ."

"వాళ్లకి ఆ పట్టింపు లేదు."

ఆమె పొయ్యి వైపు తిరిగి చూసింది. "వండేశానయ్యా," అంది.

"వండిందే ఇవ్వు."

ఈ మాట నేనన్నాను. నా నోటితోనే అన్నాను. మందు చల్లి కోళ్లను చంపిన తెలివితక్కువవాడు అనిపించుకోవడం కన్నా, బాలింత కంచం ముందు నుంచి కూర లాక్కుపోయే పిసినారి అనిపించుకోవడమే నాకు నయమనిపించింది. అది కూడా నా మీద వేసుకోలేదు, అక్క మీద వేశాను.

ఆమె లోపలికి వెళ్లి, గిన్నె మీద మూత పెట్టి, గుడ్డ చుట్టి తెచ్చి ఇచ్చింది. "ఉప్పు సరిపోయిందో లేదో చూళ్లేదయ్యా. చూసుకోమనండి," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉప్పు చూడలేదంటే ఇంకా ఎవరూ నోట పెట్టలేదన్నమాటే కదా అని నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. బండి మీద గిన్నె ఒళ్లో పెట్టుకుని వస్తుంటే నా తొడలు కాలాయి. తోటలో ఇంకో గొయ్యి తీసి గిన్నెతో సహా పాతేశాను. మర్నాడు కొత్త గిన్నె ఒకటి కొని ముఠాలో ఒకామెతో పంపించాను. "మా ఇంట్లో ఉన్నయ్ లెమ్మనండి" అని తిప్పి పంపింది.

ఆ తర్వాత ఆ ముఠా మా తోటకు రాలేదు. "ఏరా, ఆమె రావట్లేదేంది?" అని అక్క అడిగితే, "వేరేవాళ్లు ముందే మాట్లాడుకున్నారంట," అన్నాను. వేరే ఊరి నుంచి కూలీలను ఆటోల్లో తెచ్చుకున్నాం. వీధిలో ఏమనుకుంటున్నారో నాకు తెలుస్తూనే ఉంది. కార్తీకమాసంలో దానమిచ్చి, వండిన కూర వెనక్కి తెప్పించుకుందంట అని. మా ఆవిడ చెవిన కూడా పడింది గానీ, ఎవరో గిట్టనివాళ్లు పుట్టించారనుకుంది. అక్క మొహం మీద మాత్రం ఎవరూ అనలేదు. పాలకేంద్రం దగ్గర తను వెళ్లగానే ఆడవాళ్లు మాటలు ఆపేస్తున్నారని ఆమె ఒకసారి అంది. "ముసలైపోయా, నాతో ఏం మాట్లాడతార్లే," అని తనే సర్దిచెప్పుకుంది.

ఆ రోజుల్లో నేను చేసిన పనల్లా పెరట్లో కూర్చుని ఆ రెండు పెట్టలనూ చూడడం. గోడెక్కి బతికిన నల్లదీ, చుక్కలదీ. వాటికీ అదే వరసలో రాలాయి. మెడ, వీపు, రొమ్ము, ఆఖర్న రెక్కలూ తోకా. ఒళ్లంతా గరుకుగా, చీపురు పుల్లల కొసల్లా ముళ్లు పొడుచుకొచ్చాయి. ఒక్కో ముల్లుకూ పైన తెల్లటి పొర. దాన్ని అవే ముక్కుతో గీరి తీసుకునేవి. తీసుకున్న చోట ఈక విచ్చుకునేది. ఆ ముళ్లలో నెత్తురుంటుందనీ, అందుకే ముట్టుకోనివ్వవనీ అక్క చెప్పింది. నేను మందు కొట్టింది ఆ ముళ్ల మీదే.

అక్క వాటికి వేరుశనగ చెక్క నానబెట్టి పెట్టేది. నువ్వులు చల్లేది. నన్ను చెదపుట్ట తవ్వి తెమ్మనేది. నేను కిక్కురుమనకుండా బస్తాతో మోసుకొచ్చేవాణ్ణి. "ఏందిరా, ఈమధ్య కోళ్ల మీద ఇంత ప్రేమ పుట్టింది నీకు?" అని నవ్వేది. మా ఆవిడ కూడా నవ్వేది. వాళ్లిద్దరూ నవ్వుతుంటే నాకు అన్నం సయించేది కాదు.

కార్తీకం వెళ్లింది. మార్గశిరం చివరికి నల్ల పెట్ట నిగనిగలాడుతోంది. పాతది ఎండకు వెలిసి గోధుమరంగు తిరిగి ఉండేది, కొత్త ఈకల మీద ఎండ పడితే ఆకుపచ్చ మెరుపు వస్తోంది. నెత్తి జుట్టు మళ్లీ ఎర్రబడింది. ఒక పొద్దున గంప కింద గుడ్డు కనపడింది. ఆ పైన రోజు విడిచి రోజు పెట్టింది. రెండోది కూడా మొదలుపెట్టింది. నేను ఏ మందూ కొట్టలేదు, ఎవరూ ఏమీ చెయ్యలేదు. అక్క చెప్పినట్టే, చలి ముదిరేలోపే అంతా జరిగింది. అది చూసి నేను సంతోషించి ఉండాల్సింది. ఒక్కో ఈక వస్తుంటే నా మీద సాక్ష్యం వచ్చినట్టుండేది.

నాలుగు గుడ్లు పోగవగానే అక్క కొంగులో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికక్కా?"

"చర్చి వీధికి. ఆ బాలింతకి ఇచ్చొస్తా. పాపం, ఆ ఒక్క కోడి ఇచ్చి మళ్లీ మొహం చూపించలా నేను. ఏమనుకుంటన్నారో ఏమో."

ఆమె గేటు దాకా వెళ్లింది. అప్పుడు కూడా నా బుద్ధి ఏం చెప్పిందో దాచను. వెళ్లనీ, వాళ్లు ఏదో అంటారు, అక్క బాధపడి వస్తుంది, మళ్లీ ఆ వీధికి పోదు, అక్కడితో అయిపోతుంది అని చెప్పింది. అంత దూరం ఆలోచించాను. ఆమె గేటు గొళ్లెం తీసింది. కొంగు ముడి ఇంకోసారి సరిచూసుకుంది.

"అక్కా, ఆగు," అన్నాను.

గేటు దగ్గర నిలబెట్టే చెప్పాను. ముందు మందు సంగతి. ఆమె గోడ పట్టుకుని, "నువ్వా? తెగులు కాదా?" అంది. కాదన్నాను. "పోన్లే. నీ ఖర్మ. తెలియక చేశావ్," అంది. కాసేపటికి ఆమె మొహం మారిపోయింది. "ఒరేయ్, మరి ఆ ఎర్రది? బాలింతకిచ్చానే!"

అదీ చెప్పాను. వెనక్కి తెచ్చిన సంగతి, ఏమని తెచ్చానో ఆ సంగతి.

"నేను అడిగానని చెప్పావా?"

నేను గేటు గొళ్లెం పట్టుకున్నాను.

"కార్తీకమాసంలో, బాలింత ముందు నుంచి, నేను అడిగానని చెప్పావా?"

అక్క గేటు పక్క దిమ్మె మీద కూర్చుంది. ఏడవలేదు. "కోళ్లు పోతే మళ్లీ వస్తయ్‌రా. నాకు ఉన్నదల్లా ఆ పేరొక్కటే. పెట్టింది అనే పేరు. అది తీసుకెళ్లి నీ సిగ్గుకి అడ్డం పెట్టుకున్నావ్," అంది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చోబోతే, "నా దగ్గర కాదు. లే. పద," అని ముందు నడిచింది.

చర్చి వీధిలో ఆమె ఎవరింట్లోకీ వెళ్లలేదు. ఆ ఇంటి ముందు, దారి మధ్యలో నిలబడి, తన మామూలు గొంతు కన్నా గట్టిగా, "అమ్మాయ్! బయటికి రా. మా తమ్ముడు ఏదో చెప్తాడంట. అందరూ వినండి," అంది. అరుగుల మీదివాళ్లు లేచారు. ముఠా ఆడవాళ్లు పనికి బయల్దేరుతూ క్యారేజీలతో ఆగిపోయారు. అప్పుడు లేచి నిలబడిన పత్తి రైతు కూడా అక్కడే ఉన్నాడు.

నేను చెప్పాను. తోటకు కొట్టే మందు కోళ్లకు కొట్టానని చెప్పాను. తెగులు అబద్ధమని చెప్పాను. చుట్టాలు అబద్ధమని, మా అక్క వెనక్కి అడగలేదని, ఆ కూర మా ఇంటికి చేరనే లేదని, గోతిలో పూడ్చానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పత్తి రైతు తల వంచుకుని తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. ఇంటామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అందుకే తీసుకెళ్లా. మీరు తినకుండా ఉండాలని," అన్నాను చివరికి. ఆ ఒక్క మాటన్నా నా తరఫున ఉంటుందనుకున్నాను.

గుమ్మంలోకి కూతురు వచ్చింది. పిల్లవాడు భుజం మీద ఉన్నాడు.

"నేను అప్పటికే తిన్నానండీ," అంది. "ఆకలేస్తందంటే అమ్మ ఉడుకుతుండగానే రెండు ముక్కలు తీసి పెట్టింది. మీరొచ్చినప్పుడు నేను లోపల కంచం ముందే ఉన్నా. సాయంత్రం నుంచి వాంతులు. డాక్టరు సెలైన్ పెడతా ఏం తిన్నావంటే, మంచి తిండే తిన్నానని చెప్పా. మనసు పీకుతుండగా ఇచ్చిన తిండి కదా, అందుకే అరగలేదని మా ఆయన అన్నాడు. మూడు రోజులు వీడికి డబ్బాపాలు పట్టాం."

ఆ వాంతులు మందు వల్లో, దేనివల్లో నాకు తెలియదు. తెలుసుకునే దారీ ఇప్పుడు లేదు. నేను ఏదో అనబోయాను. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు.

"ఆ రోజు ఎవరన్నా తిన్నారా అని ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదండీ," అంది.

గుమ్మంలో నిలబడి నేను అడగాల్సింది ఆ ఒక్కటే. కోడి అడిగాను, కూర అడిగాను, అది మాత్రం అడగలేదు. అడిగితే ఎందుకు అని తిరిగి అడుగుతారని, దొరికిపోతానని అడగలేదు.

అక్క వెళ్లి ఆ అమ్మాయి భుజం మీది నుంచి పిల్లవాణ్ణి తీసుకుంది. తనతో కలిసి ఇంటికి వెళ్దామని నేను నిలబడి ఉన్నానని ఆమెకు తెలుసు. నా వైపు చూడకుండానే, "నువ్వు ఇంటికి పో," అంది. నేను వెళ్లిపోయాను.